పల్లానికి ముఖం పెట్టిన కారు

ముందు శబ్దం వినబడుతుంది. ఏదో చెప్పబోయి మరిచిపోయిన మనిషి గొంతు సవరించుకున్నట్టు ఒక 'టక్'. ఆ వెనకే దేన్నీ పట్టుకోకుండా గాలిలో ఊరికే తిరిగే 'గిర్ర్ ర్'. మళ్ళీ ఏమీ లేదు. వాలు వీధిలో కిటికీ తెరలు ఇంకా కదలవు. కాసేపటికి హ్యాండ్ బ్రేకు దించిన చప్పుడు, ఆపైన రాతిపలకల మీద నాలుగు టైర్లు మెత్తగా దొర్లుతున్న చప్పుడు. మూడు గుమ్మాలు దాటేసరికి ఒక కుదుపు. ఇంజను దగ్గుతుంది, తుమ్ముతుంది, లేస్తుంది.

"కాటా మావయ్య కదిలాడు, ఇంక లేవండర్రా!" అని ఏదో ఒక ఇంట్లో తల్లి పిల్లల్ని కేకేస్తుంది.

అప్పుడుగానీ మనిషి కనబడడు. అరవై ఒకటి దాటిన సన్నటి మనిషి, స్టీరింగు మీదికి వంగి, నోరు కాస్త తెరిచి, ఇంజను ఆగిపోతుందేమోనని వింటూ మలుపు తిరిగి మాయమవుతాడు.

అతను కాటాల మేస్త్రీ. కిరాణా కొట్ల కాటాలు, మిల్లుల్లో బస్తాలు తూచే నేల కాటాలు, నగల దుకాణాల్లో అద్దాల పెట్టెలో ఊపిరి బిగబట్టి ఉండే చిన్న త్రాసులు, అన్నీ అతని చేతికి రావలసిందే. కారు వెనక డిక్కీలో ఇరవై కిలోల ఇనప తూకపురాళ్ళు నాలుగు, పది కిలోలవి నాలుగు, మెత్తటి గుడ్డ పరిచిన చెక్కపెట్టెలో ఇత్తడివి. అంత బరువు చేతపట్టుకుని బస్సెక్కలేడు గనక కారు. ఆ కారు అతని పెళ్ళికన్నా నాలుగేళ్ళు పెద్దది. తయారుచేసిన కంపెనీ ఎప్పుడో తలుపులు మూసుకుంది. కారుకి ఆ సంగతి తెలియదు.

ఇంజనును మొదటి తిప్పు తిప్పి నిద్రలేపే చిన్న మోటారును సెల్ఫ్ అంటారు. ఆ కారులో సెల్ఫ్ అరిగిపోయి పదేళ్ళయింది. అప్పటినుంచి మేస్త్రీ జీవితం ఏటవాలుగా నడుస్తోంది. కారును ఎప్పుడూ పల్లానికి ముఖం పెట్టి నిలబెడతాడు. బ్రేకు వదిలితే దొర్లుతుంది, దొర్లితే లేస్తుంది. టీ తాగాలంటే వాలులో ఉన్న కొట్టు. పన్ను పీకించుకోవాలంటే వాలులో ఉన్న డాక్టరు. చదును నేల మీద ఉన్న దుకాణాలకు వెళ్ళినప్పుడు ఇంజను ఆపడు. లోపల కాటా విప్పుతుంటాడు, బయట కారు కొట్టుకుంటూ ఉంటుంది. చెయ్యి కాటా మీద, చెవి వీధిలో.

"కూర్చోండి మేస్త్రీగారూ, ఒక్క నిమిషం" అంటే, "వస్తా వస్తా" అంటూ అప్పటికే గుమ్మంలో ఉంటాడు. కాలుగాలిన పిల్లి అని వెనకాల నవ్వుకుంటారు. అతనికి తెలుసు.

వాలు వీధి సగంలో ఉంది వాళ్ళ ఇల్లు. రెండు గదులు, వంటిల్లు, ముందు పనిబల్ల. ఐదు నెలలుగా అతని భార్య ఆ వీధిని కాలినడకన దిగలేదు. మోకాళ్ళు. పైకెక్కడంకన్నా కిందికి దిగడమే నరకమని ఆవిడ మాట. కూరగాయల బండి కిందే ఆగుతుంది, స్నేహితురాళ్ళు కిందే ఉన్నారు, లోకమంతా కిందే ఉంది. ఆవిడ కిటికీలోంచి లోకం నడినెత్తి చూస్తూ బతుకుతోంది.

ఇప్పుడు కింద, చదును సందులో, టైలరమ్మ ఇంటి కింది వాటా ఖాళీ అయింది. మెట్లు లేవు. గుమ్మం దాటితే వీధి. టైలరమ్మ మంగళవారం ఫోనులో తెగేసి చెప్పింది: "వదినా, నీ కోసమని ఆగుతున్నా. శనివారం సాయంత్రం ఆరింటిదాకా. ఆ తర్వాత ఎవరొస్తే వాళ్ళకి ఇచ్చేస్తా. నన్ను తిట్టుకోకు."

భార్య ఫోను పెట్టేసి అతనివైపు చూసింది.

"సెల్ఫ్ పనిచేస్తే దిగుదాం" అన్నాడు అతను.

"చెయ్యకపోతే?"

"చదును మీద కారు కదలాలి కదే."

"నా మోకాళ్ళు మీ సెల్ఫ్ కోసం కాచుకుని కూర్చోవండీ. ఈ ఇల్లు పోతే నేనింక ఈ వీధి దిగను. పైనే ఉంటా, ఫొటోలాగా."

బుధవారం ఉదయం అతను కారు సామాన్ల దుకాణానికి వెళ్ళి కొత్త సెల్ఫ్ తెచ్చాడు. పాత కంపెనీది కాదు. ఎవరో వేరేవాళ్ళు పాత కార్ల కోసం చేస్తున్నది. "అచ్చు అదే బాబాయ్, కళ్ళు మూసుకుని బిగించుకో" అన్నాడు దుకాణదారు. మేస్త్రీ ఏ పనీ కళ్ళు మూసుకుని చెయ్యడు. ఇంటికొచ్చి ముందుగా చేసిన పని, పాత సెల్ఫును, కొత్త సెల్ఫును పక్కపక్కన పెట్టి తూచడం. కొత్తది తొమ్మిది వందల గ్రాములు తక్కువ తూగింది. కాటా తప్పేమోనని ఇత్తడి రాళ్ళతో సరిచూశాడు. కాటా తప్పు కాదు.

మళ్ళీ దుకాణానికి పరుగు.

"తొమ్మిది వందల గ్రాములు ఎటుపోయాయి?"

దుకాణదారు చేతిలోని టీ గ్లాసు దించి, పక్కనున్న ఇద్దరు మెకానిక్కులవైపు కన్ను గీటాడు. "మోటార్ని కూడా కిలోల్లెక్కన కొంటావా బాబాయ్? కావాలంటే కొసరుగా నాలుగు బోల్టులు వేస్తాలే."

"నవ్వకు. లోపల ఏదో లేదు."

"లోపల రాగిచుట్టలకి బదులు అయస్కాంతం ముక్కలు పెట్టారు. అందుకే తేలిక. బరువుగా ఉంటే మంచిదనుకునే కాలం పోయింది."

ఆ మాట మేస్త్రీకి గుచ్చుకుంది. నలభై ఏళ్ళు బరువును నమ్ముకున్నవాడు. తేలికైనదంటే అతని లోకంలో తగ్గిందనే అర్థం.

బిగించాడు. కిందపడి, వీపుకింద అట్టముక్క పరుచుకుని, తలమీద కారు కడుపు పెట్టుకుని బిగించాడు. తాళం తిప్పకుండానే, చేత్తో ఇంజను కాస్త తిప్పి చూస్తే లోపల ఎక్కడో 'కిర్' మంది. గోరు పలక మీద గీసినట్టు. ఆ శబ్దం ఎక్కడిదో తెలియాలి. చీకట్లో రెండు పళ్ళచక్రాలు ఎక్కడ తాకుతున్నాయో కంటికి కనబడదు. కాసేపు ఆలోచించి లోపలికొచ్చాడు.

"అమ్మాయి వదిలేసి వెళ్ళిన లిప్‌స్టిక్ ఉండాలి, ఇలా ఇయ్యి."

"ఈ వయసులోనా?" అంది భార్య, అద్దం ముందు సొరుగు లాగుతూ.

"సెల్ఫుకి."

"దానికైనా చెయ్యండి సోకు, నాకెలాగూ లేదు."

సెల్ఫు ముందున్న చిన్న గేరు పళ్ళ ముఖాలకు ఎర్రగా రాశాడు. బిగించి, ఇంజనును చేత్తో ఒక చుట్టు తిప్పి, మళ్ళీ విప్పాడు. పళ్ళ అంచుల మీద ఎరుపు చెరిగిపోయింది. విషయం తేలిపోయింది. అసలు కరెంటే ఇవ్వకముందు, దూరంగా ముడుచుకుని ఉండవలసిన గేరు ఇంజను పెద్ద చక్రాన్ని అప్పుడే ఒరుసుకుంటోంది. కొత్త సెల్ఫు ముక్కు పొడుగు. ఎంత? కొలిచాడు. రెండు మిల్లీమీటర్లకు వెంట్రుకవాసి తక్కువ.

చేసినవాళ్ళు పొరపాటు చేశారు. మేస్త్రీ మొహంలో ఐదేళ్ళు తగ్గాయి. పొరపాటు కొలతకు దొరికితే అతనికి అది చుట్టమే.

గురువారమంతా ఇనపరేకు కోసి, ఆకురాయితో రాచి, సెల్ఫుకీ ఇంజనుకీ మధ్య పెట్టేందుకు రెండు మిల్లీమీటర్ల పలక చేశాడు. దాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తే అంచుల్లో సాయంత్రం సన్నగా మెరిసింది. పలక కూర్చుంది, ఒరిపిడి పోయింది. అంతటితో ఆగి ఉంటే కథ అక్కడే అయిపోయేది. కానీ అంతదూరం దూరాక చుట్టూ కనబడిన తుప్పును అతను చూసీ చూడనట్టు వదల్లేడు. కాటా ఏదైనా సరే బాగుచేశాక తుప్పు గీకి, రెండు పూతలు బూడిదరంగు వేస్తేగానీ అతని చేతుల్లోంచి బయటికి పోదు. ఇనుముకు గాలి తగలకూడదు, తేమ తగలకూడదు. ఇంజనుకీ కారు ఒంటికీ మధ్య ముసలమ్మ జడలాంటి ఒక అల్లిక రాగిపట్టీ, పచ్చగా చిలుము పట్టి వేలాడుతోంది. దాన్ని విప్పి తోమాడు. అది బిగుసుకునే చోట కారు ఒంటికి చక్కగా రెండు పూతలు వేశాడు. ఆరాక బోల్టుకింద తోలు వాషరు కూడా పెట్టి జడను తిరిగి బిగించాడు. కొత్తపెళ్ళికూతురిలా ఉంది.

శుక్రవారం ఉదయం భార్యను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాడు. గుమ్మంనుంచి కారుదాకా ఆరడుగులు ఆవిడ అతని భుజం పట్టుకునే నడిచింది. అతను కింద దూరాడు.

"తిప్పు!"

"ఊఁ... ఊఁ..." అని మూలిగింది సెల్ఫు. ఒకటిన్నర చుట్టు. ఆగింది.

"మళ్ళీ!"

'టక్'. అంతే.

"మళ్ళీ తిప్పు!"

"తిప్పుతూనే ఉన్నా. ఏమండీ, ఈ చోక్ బొత్తాం వేడిగా ఉందేంటి?"

"ఎండ."

"ఎండ ఇటువైపు లేదు."

"చెయ్యి తియ్యి దాని మీదనుంచి. మళ్ళీ తిప్పు."

'టక్'.

శుక్రవారం అలా గడిచింది. బ్యాటరీ తీసి వేరే బ్యాటరీ పెట్టాడు. తీగల చివర్లు గీకాడు. చిన్న బల్బు ఒకటి పట్టుకుని తీగ తీగకీ ఆనించి చూశాడు. సెల్ఫు దాకా కరెంటు వస్తోంది. బల్బు చక్కగా వెలుగుతోంది. వచ్చిన కరెంటు సెల్ఫును ఎందుకు తిప్పదు? పనిబల్లకీ కారుకీ మధ్య ఎన్నిసార్లు తిరిగాడో లెక్కలేదు. కూర్చుంటే లేవాలనిపించింది, లేస్తే వంగాలనిపించింది. అన్నం ముందు కూర్చుని చెంచాతో కంచం మీద 'టక్' మనిపించి, ఆ చప్పుడుకు తనే ఉలిక్కిపడ్డాడు.

"తొమ్మిది వందల గ్రాములు" అన్నాడు.

"ఏంటి?"

"దానికి బలం లేదు. నేను ముందే చెప్పాను."

భార్య కంచం తీస్తూ, నెమ్మదిగా అంది: "మీ భయం సెల్ఫుది కాదు. నాకు తెలీదనుకుంటున్నారా?"

ఇరవై ఎనిమిదేళ్ళ కిందట చదును వీధిలో ఒక ఇల్లుండేది వాళ్ళకు. నొప్పులు మొదలైన ఉదయం కారు లేవలేదు. ముందునుంచి హ్యాండిల్ పెట్టి తిప్పితే అది వెనక్కి తన్ని అతని మణికట్టు విరిగింది. ఒంటిచేత్తో, భుజం ఆనించి తోస్తూ ఉండగా, కారు కదలకముందే ఆవిడ గోడలు పట్టుకుంటూ నడిచి వీధి చివరికి వెళ్ళిపోయింది. ఆసుపత్రి వరండాలో, మంచం దొరకకముందే పాప పుట్టింది. ఇద్దరూ బాగున్నారు. ఆవిడ ఆ కథ చెప్పినప్పుడల్లా నవ్వుతుంది. అతను ఒక్కసారీ నవ్వలేదు. ఆ యేడే వాలు వీధికి మారాడు. తర్వాత ఎప్పుడో సెల్ఫు పూర్తిగా చచ్చినప్పుడు, లోలోపల అతనికి అది కొత్త కబురు కాదు.

"నేను నడిచే వెళ్ళాను, పిల్లనెత్తుకుని నడిచే వచ్చాను" అంది ఆవిడ. "ఆ రోజుని ఇంకా మోస్తున్నది మీరే. దించండి ఇంక."

శనివారం పొద్దున్నే సెల్ఫు విప్పి, సంచిలో వేసుకుని, వీధి దిగి నడిచి దుకాణానికి వెళ్ళాడు. సంచి బల్లమీద పెట్టి, "ఇది చచ్చింది. తీసుకో" అన్నాడు.

దుకాణదారు దాన్ని బిగించి పట్టే దిమ్మెలో పెట్టి, బ్యాటరీనుంచి ఎర్ర తీగ పైన తగిలించి, నల్ల తీగ సెల్ఫు ఒంటికి తాకించాడు. సెల్ఫు గర్రుమని తిరిగి దిమ్మెతో సహా బల్లను వణికించింది. టీ గ్లాసులో టీ వలయాలు తిరిగింది.

"చచ్చింది అన్నావు. చూశావా లేచి గంతులేస్తోంది."

"నల్లది దాని ఒంటికి ఎందుకు పెట్టావు?"

"మరి తిరిగొచ్చే దారి ఉండద్దూ? ఎర్ర తీగలోంచి వెళ్ళిన కరెంటు ఇంజనులోకి, ఇంజనులోంచి కారు ఒంట్లోకి, అక్కణ్ణించి బ్యాటరీకి తిరిగొచ్చెయ్యాలి. వెళ్ళింది తిరిగి రాకపోతే ఏదీ తిరగదు. నీ కాటాల్లో ఉండదులే బాబాయ్ ఈ గోల."

ఉండదు. బరువు పళ్ళెంలోకి దిగుతుంది, పళ్ళెంలోంచి నేలలోకి దిగుతుంది, దాని పని అయిపోతుంది. వెనక్కి రావలసిన పని దానికి లేదు. వీధి ఎక్కుతూ అతను ఆ మాటనే నములుతూ నడిచాడు గానీ అది మింగుడుపడలేదు. మళ్ళీ కింద దూరి, మళ్ళీ బిగించేసరికి నాలుగున్నర. భార్య చీర మార్చుకుని వచ్చి సీట్లో కూర్చుంది. టైలరమ్మ ఇంటికి వెళ్ళే చీర. ఆ సంగతి అతను గమనించనట్టు నటించాడు.

"తిప్పు."

"ఊఁ..."

"మళ్ళీ. పట్టి ఉంచు. వదలకు."

"అమ్మా!" అని ఆవిడ అరిచింది.

అతను కారు కిందనుంచి బయటపడ్డ తీరుకు మోచేయి చర్మం లేచింది. ఆవిడ కుడిచేతి వేళ్ళు ఊదుకుంటోంది. చూపుడువేలి మీద, మధ్యవేలి మీద గుండ్రంగా ఎర్రటి అచ్చు. చోక్ బొత్తాం అంచు.

"నిన్ననే చెప్పాను వేడిగా ఉందని. మీ చెవిన పడితేనా?"

అతను ఆ రెండు వేళ్ళు పట్టుకుని నిలబడిపోయాడు. చోక్ బొత్తాం వెనక ఒక సన్నటి ఇనప తీగ ఉంటుంది. అది ఇక్కణ్ణుంచి ఇంజనుదాకా వెళ్తుంది. చల్లబడ్డ ఇంజనుకు పెట్రోలు ఎక్కువ అందేలా చేత్తో లాగడానికి ఉన్న తీగ. దానిలో కరెంటుకేం పని? ఇంజనులోకి వెళ్ళిన కరెంటు... తిరిగి రావాలి. రావలసిన దారిలో రాలేక, దొరికిన సన్నటి దారిలో తోసుకుంటూ, కాలుతూ, కాలుస్తూ, ఇదిగో ఈ వేళ్ళదాకా వచ్చింది.

రాగి జడ. దానికింద రెండు పూతల బూడిదరంగు. దానిపైన తోలు వాషరు.

"నేనే" అన్నాడు.

"ఏంటి మీరే?"

"దారి మూసింది నేనే. శుభ్రంగా, రంగేసి మరీ మూశాను."

"ఇప్పుడు పశ్చాత్తాపాలు పెట్టుకోకండి, ఐదయింది."

ఆవిడ వేళ్ళను చన్నీళ్ళ గిన్నెలో పెట్టించి, అతను జడ విప్పాడు. ఆకురాయితో గీకుతుంటే, తను ఇష్టంగా వేసిన రంగు బూడిదలా రాలింది. అడుగున ఇనుము తెల్లగా, పసిపిల్ల పన్నులా బయటపడింది. ఇనుము మీద రాగి, రాగి మీద బోల్టు, మధ్య ఏమీ లేదు. అలా బట్టలు లేనట్టు దాన్ని వదిలేయడం అతనికి చేతకాలేదు. పైపైన కాస్త గ్రీజు రాసి తృప్తిపడ్డాడు.

ఈసారి తాళం తనే తిప్పాడు. సెల్ఫు మూలగలేదు. ఒక్క గసురు. ఇంజను లేచింది. పక్కింటి కిటికీలోంచి, "మావయ్యా, దొర్లకుండానే!" అని ఎవరో అరిచారు.

ఐదున్నరకు ఇద్దరూ కింద చదును సందులో, టైలరమ్మ గుమ్మం ముందున్నారు. కుట్టుమిషను చప్పుడు లోపలినుంచి వస్తోంది. నేల చదును. చెంబుడు నీళ్ళు పోస్తే ఎటు పోవాలో తెలియక నిలబడేంత చదును. అతని చెయ్యి తాళం మీద ఉంది. ఇంజను ఆపాలి. ఆపితేగానీ తెలియదు. పదేళ్ళలో చదును మీద ఒక్కసారి కూడా ఆపని ఇంజను.

ఆపాడు.

ఆ నిశ్శబ్దంలో కుట్టుమిషను సూది దూరంగా ఎక్కడో నడుస్తోంది. అతని మణికట్టు పాత చోట ఒకసారి సలిపింది.

"తిప్పండి" అంది భార్య.

"ఆగవే. వేడి తగ్గనీ."

"ఆరవుతుంది."

"ఒక్క నిమిషం."

ఆవిడ వంగి, కాలిన వేళ్ళు పైకెత్తి పట్టుకుని, మిగతా వేళ్ళతో అతని చెయ్యిమీదుగానే తాళం తిప్పింది. కారు లేచింది.

"పదిసార్లు లేవాలి" అన్నాడు అతను. "అప్పుడే ఖాయం."

ఆపాడు, తిప్పాడు. రెండు. ఆపాడు, తిప్పాడు. మూడు. టైలరమ్మ కిటికీలోంచి తల బయటపెట్టింది. "అన్నయ్యా, ఇల్లు చూడ్డానికొచ్చారా, వీధిలో వాళ్ళ ప్రాణాలు తియ్యడానికొచ్చారా?"

నాలుగోసారికి పక్క సీటు ఖాళీ. ఆవిడ దిగిపోయింది. ఎవరి భుజమూ పట్టుకోకుండా, ఎత్తూ పల్లమూ లేని ఆ నేలమీద నెమ్మదిగా నడిచి, గుమ్మం దాటి లోపలికెళ్ళి, "వదినా, మేం వస్తున్నాం" అని చెప్పడం అతనికి వినబడింది. మిగతా ఆరుసార్లు అతనొక్కడే లెక్కపెట్టుకున్నాడు.

నెలన్నర తర్వాత ఈ సంగతులు రాసుకోవడానికి నేను ఒక మధ్యాహ్నం ఆ ఇంటికి వెళ్ళేసరికి, కారు గుమ్మం ముందు నిలబడి ఉంది. పల్లం లేకపోయినా ముఖం మాత్రం పెద్దవీధివైపే పెట్టి ఉంది. ఆవిడ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూరగాయల బండివాడితో బేరం ఆడుతోంది. మేస్త్రీ బానెట్ ఎత్తి రాగి జడ చూపించాడు, అది బిగుసుకున్న చోట మెరుస్తున్న ఇనుమును చూపించాడు. సెల్ఫు బాగానే పనిచేస్తోందని ఒప్పుకున్నాడు. ఆ తొమ్మిది వందల గ్రాముల సంగతి మాత్రం ఇప్పటికీ ఒప్పుకోలేదు. చెబుతున్నంతసేపూ కూర్చుని ఉన్నది మహా అయితే పది నిమిషాలు. మధ్యలో నాలుగుసార్లు లేచి వీధిలోకి చూసొచ్చాడు.

సెలవు తీసుకుని బయటికొస్తే అతను కూడా వెంట వచ్చాడు. నా మోటారుసైకిలు ఎదురుగోడ నీడలో ఉంది. ఇంక లోపలికెళ్ళండి, ఎండగా ఉంది అంటే, తల అడ్డంగా ఊపి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"ముందు మీ బండి స్టార్ట్ చెయ్యండి బాబూ. ఆ చప్పుడు విన్నాకే లోపలికెళ్తా."